జపాను పట్టిక, మా ఇంటి చాట

మా పెళ్ళిలో వాన పడింది. అదీ వైశాఖంలో. పొద్దున లేచేసరికి ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. తలంబ్రాల వేళకు అహోబిలం కొండల వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చి షామియానా మీద కుమ్మేసింది. నీళ్ళు నిండి కిందికి జారుతున్న గుడ్డను మా బావమరిది వెదురుగడతో ఎత్తిపట్టుకుని, మంత్రాలు అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. మా మేనత్త అందరికీ వినబడేట్టు, "పెండ్లికూతురు చిన్నప్పుడు బియ్యం బాగా బుక్కినట్టుండాది!" అంది. పచ్చి బియ్యం నోట్లో పోసుకుని నమిలితే పెళ్ళిలో వాన పడుతుందని మా వైపు పిల్లల్ని బెదిరిస్తారు. పందిరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు ఆ కథను నేను ఎక్కడ పడితే అక్కడ చెప్పాను. గృహప్రవేశాల్లో చెప్పాను, సీమంతాల్లో చెప్పాను, నంద్యాల బస్సులో పక్క సీటులో ఎవరు కూర్చుంటే వాళ్ళకు చెప్పాను. "ఈమె బుక్కిన బియ్యానికి నా పెండ్లి బట్టలు తడిసిపాయ" అనేది చివరి మాట. ఆ మాటకు నవ్వనివాళ్ళు లేరు. నా భార్య కూడా నవ్వేది, కాకపోతే మొహం పక్కకు తిప్పుకుని. అది సిగ్గు అనుకున్నాను. కథలో అదీ ఒక భాగమనుకున్నాను.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది నాకు ఏ ముక్కా వరసగా అర్థం కాలేదు. అర్థమైన కాస్తా ఈ కొసనుంచే అర్థమైంది.

ఆళ్లగడ్డ బస్టాండుకు దగ్గర్లో నాకు చిన్న టైపింగు షాపు ఉంది. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, అర్జీలు, పుస్తకాలు టైపు చేస్తాను. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో కావాలన్నా నా దగ్గరికే వస్తారు. ఎదురుగా శిల్పాలు చెక్కే షెడ్లు. పొద్దస్తమానం ఉలి చప్పుడు, కీబోర్డు మీద రాతిపొడి. ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కాగితాలన్నీ నా చేతి మీదుగా పోవడంతో నాకు అన్నీ తెలుసన్న నమ్మకం ఒకటి ఏర్పడింది. తెలియనిది ఎదురైతే కోపం వస్తుంది. ఈ రెండు గుణాలూ నాలో ఉన్నాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడైతే ఎవడైనా అంటే కొట్టేవాణ్ణి.

పోయిన ఏడాది నా భార్యకు నెలసరి ఆగకుండా పోవడం మొదలైంది. నంద్యాలలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోతే స్కానింగు చేసి, గర్భసంచిలో గడ్డలున్నాయి, ఆపరేషను చేసి తీసేయాలి అంది. తర్వాత రక్తపరీక్ష కాగితం చూసి, "రక్తం ఏడున్నర ఉంది. పది దాటాకే ఆపరేషను. మాత్రలు రాస్తాను, తిండి బాగా పెట్టండి. భోజనంతో పాటు టీ తాగనివ్వకండి" అంది.

బయటికి వచ్చాక మందుల షాపు ముందు నిలబడి లెక్క వేసుకున్నాను. గడ్డలు తీస్తే గాని రక్తం పోవడం ఆగదు. రక్తం పెరిగితే గాని గడ్డలు తీయరు. నెలనెలా పోయేదానికంటే నెలనెలా పెరిగేది ఎక్కువ ఉండాలి. ఆ ఎక్కువ యాడినుంచి తేవాలి? నేను తిండి గురించి ఆలోచించడం మొదలుపెట్టింది ఆ మందుల షాపు ముందే.

సరిగ్గా ఆ వారమే ఒక పని వచ్చింది. నంద్యాలలో మహిళా సంఘాలతో పనిచేసే ఒక మేడం ఒక ఇంగ్లీషు పుస్తకం పంపింది, నలభై పేజీలు. జపాను పల్లెల్లో వందేళ్ళు బతికేవాళ్ళు రోజూ తినే తిండి ఏమిటి, ఏ తిండిలోంచి ఏ పోషకం అందుతుంది, అదీ విషయం. తెలుగులోకి మార్చి టైపు చేసివ్వాలి. "జపానోళ్ళు ఎట్ల తింటాండారో చూస్తే మనవాళ్ళు మన తిండి గురించి ఆలోచిస్తారని" అంది ఫోన్లో. నాకు మాత్రం ఆ పుస్తకం నా కోసమే వచ్చిందనిపించింది. మంచాన పడి కూడా పడకుండా తిరుగుతున్న మనిషిని ఇంట్లో పెట్టుకుని, వందేళ్ళు బతికే ముసలివాళ్ళ తిండి పట్టిక చేతిలోకి వస్తే ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది.

మొదటి పేజీలోనే గందరగోళం మొదలైంది. సోయా గింజల్ని బియ్యంతో కలిపి నెలల తరబడి పులియబెట్టి ముద్ద చేస్తారట. దాన్ని వేణ్ణీళ్ళలో కలిపి పొద్దున్నే చారులాగా తాగుతారట. అదే గింజల్ని పాలు తీసి విరగ్గొట్టి గడ్డ కడతారట. అదే గింజల్ని తీగలు సాగేదాకా మురగబెట్టి అన్నం మీద వేసుకుంటారట. ఒకే గింజ, మూడు అవతారాలు. వాళ్ళకు మాంసకృత్తులు చాలావరకు దాన్లోంచే. ఇక చిన్న చిన్న చేపల్ని ఎండబెట్టి ముల్లుతో సహా నములుతారు, సున్నం, అదే కాల్షియం, దాంట్లోంచి. ముల్లంగి గడ్డ తింటారు, ఆకూ తింటారు. పుట్టగొడుగుల్ని ఎండలో పెడితే వాటిల్లో డి విటమిను పెరుగుతుందట. ఎండలోకే రాని మనుషులకంటే పుట్టగొడుగులు నయం అనుకున్నాను. నువ్వులు దంచి కూరల మీద చల్లుతారు, చిలగడదుంపలు ఉడకేసుకుంటారు. అన్నింటికంటే నన్ను చంపింది సముద్రపు నాచు. దాంట్లో సున్నం ఉంది, ఇనుము ఉంది, అయోడిను ఉంది, లేనిదేదో చెప్పలేదు.

రాత్రి పళ్ళెం ముందు కూర్చుని నా భార్యకు ఇదంతా చదివి వినిపించేవాణ్ణి.

"నాచు అంటే, బాయిలో మెట్ల మీద ఉంటాదే, పాచి, అదేనా?" అంది.

"అది కాదే. సముద్రంలోది."

"సముద్రంలో అయితే పాచి కాకుండా పోతాదా?"

"దాంట్లో ఇనుము ఉండాది. రక్తానికి మంచిది."

"పాచంతా తినేసినాక జారి పడేదేముంది, అందుకే ముసలోళ్ళయ్యేదాకా ఉండారు" అంది. రక్తం ఏడున్నరకు దిగినా నోటికి మాత్రం తక్కువ లేదు.

నాచు గురించి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. ఆ నాచును ఇనుప పాత్రలో ఉడికిస్తే ఇనుము ఎక్కువ, స్టీలు పాత్రలో ఉడికిస్తే చాలా తక్కువ అని. ఆ వాక్యం దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను. అయితే ఇనుము నాచులో ఉన్నట్టా, పాత్రలో ఉన్నట్టా? పాత్రలోనే ఉంటే పాపం నాచు ఏం చేసింది? మేడంకు ఫోన్ చేశాను. "రెండూ అనుకోండి సార్" అంది. రెండూ అనుకోవడం ఏమిటి, ఇదేమన్నా కూరగాయల బేరమా అని నాకు మండింది. అయినా ఆ సాయంత్రమే అటక మీదనుంచి మా అమ్మ నాటి ఇనుప మూకుడు దించి, తుప్పు గీకి, నాన్‌స్టిక్కు పెనాన్ని అదే అటక మీదికి ఎక్కించాను.

టీ దగ్గర ఇంకో చిక్కు. డాక్టరేమో భోజనంతో టీ వద్దంది. పుస్తకంలోనేమో పల్లెవాళ్ళు పొద్దంతా ఆకుపచ్చ టీ తాగుతూనే ఉంటారని ఉంది. నా భార్యకు అన్నం తిన్న వెంటనే గ్లాసుడు టీ పడాలి. ఎవరి మాట వినాలి? డాక్టరు ఎదురుగా ఉంది, జపాను దూరంగా ఉంది, కాబట్టి డాక్టరు మాటే విన్నాం. కాని నాలుగు రోజులకొకసారి నాకు అనుమానం వచ్చి, టీ మళ్ళీ మొదలుపెట్టించి, మళ్ళీ మాన్పించాను. దాంతో ఆమెకు నా మీద విసుగు వచ్చింది. తప్పు నాదే.

పుస్తకం పని సగంలో ఉండగానే నేను సొంతంగా ఒక పట్టిక తయారు చేశాను. ఎడమ పక్క వాళ్ళది, కుడి పక్క మనది. వాళ్ళ సోయాకు ఎదురుగా అలసందలు, ఉలవలు, కందిబేడలు. వాళ్ళ ముల్లంగి ఆకుకు ఎదురుగా తోటకూర, మునగాకు, గోంగూర. నువ్వులకు నువ్వులే. చిన్న చేపలకు సంతలో దొరికే ఎండు చేపలు. బార్లీ కలిపిన అన్నానికి కొర్రన్నం, జొన్నరొట్టె. నాచుకు ఎదురుగా మాత్రం ఖాళీ. కుడి పక్క నిండే కొద్దీ నాకు గర్వం పెరిగింది. లామినేషను చేయించి వంటింటి గోడకు అంటించాను. దాని కింద ఒక నోటుబుక్కు వేలాడదీశాను. పొద్దున ఏం తిన్నావు, మధ్యాహ్నం ఏం తిన్నావు, రాత్రి ఏం తిన్నావు, రోజూ అడిగి నేనే రాసేవాణ్ణి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. మా పల్లెల్లో, మా ఊళ్ళో, ఎవరైనా ఎవరినైనా తిండి గురించి అడిగితే "ఏం కూర?" అని అడుగుతాం. జవాబు కూడా పొయ్యి మీద ఏం ఉడికిందో అదే వస్తుంది. నోట్లోకి ఎంత పోయిందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నేనూ అదే అడిగాను. ఆమె "మునగాకు పప్పు" అంటే మునగాకు పప్పు అని రాసుకున్నాను. మూకుట్లో వండినదాన్ని మనిషి తిన్నట్టు రాసుకున్నాను. ఒక్కోసారి మధ్యాహ్నం షాపు మూసి ఇంటికి వచ్చి ఎదురుగా కూర్చునేవాణ్ణి. నాలుగు ముద్దలు తిని "కడుపు నిండింది" అని లేచేది. ఏం తినకుండానే కడుపు ఎట్లా నిండిందో నాకు అర్థమయ్యేది కాదు. జబ్బు మనిషి కదా, ఆకలి తగ్గిందేమో అనుకున్నాను. అరిచేవాణ్ణి కూడా. "నీకోసం జపాను దాకా పోయొచ్చినా, రెండు ముద్దలు తినలేవా?" అని.

మా ఇంటి బియ్యం గురించి కూడా చెప్పాలి. తెల్లకార్డు వాళ్ళం, స్టోరు బియ్యమే తింటాం. ఆ మధ్య ఫోన్లో ఒక వీడియో చూశాను, రేషను బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారని. ఇంట్లో బియ్యం అరచేతిలో పోసుకుని చూస్తే నిజంగానే కొన్ని గింజలు వేరే రంగులో ఉన్నాయి. వాటిని గ్లాసు నీళ్ళలో వేశాను. తేలాయి. ఇంకేం కావాలి? ప్లాస్టిక్కేనని ఇంట్లో వాళ్ళకు, షాపుకు వచ్చిన వాళ్ళకు, గ్లాసుతో సహా చూపించి నిరూపించాను. "ఒక్క గింజ కూడా నోట్లోకి పోకూడదు, ఏరి పారెయ్" అని ఆమెకు గట్టిగా చెప్పాను. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆమె గడప దగ్గర చాట ముందు పెట్టుకుని కూర్చునేది. ఏరిన గింజలు పక్కింటివాళ్ళ కోళ్ళకు వేసేది. అంత రక్తం లేని మనిషి అంతసేపు ఓపిగ్గా కూర్చుని ఏరడం చూసి, నా మాట మీద ఆమెకున్న గౌరవానికి మురిసిపోయాను.

రెండు నెలలు గడిచాయి. పరీక్ష చేయిస్తే రక్తం ఏడు. అర తగ్గింది.

ల్యాబులో ఉన్న కుర్చీని తన్నాను. మిషను చెడిపోయిందేమో చూడమన్నాను. ఇంకో చోట చేయించాను, అక్కడా ఏడే. తోటకూరను నీళ్ళు చల్లి అమ్మే ఆమెతో, దీంట్లో సత్తువ లేదని జగడం పెట్టుకున్నాను. పట్టిక ముందు నిలబడి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. అన్నీ ఉన్నాయి. జపాను ముసలమ్మ తినేవన్నీ ఎదురు వరసలో ఉన్నాయి, ఒక్క నాచు తప్ప. అంటే ఆ నాచులోనే ఏదో ఉందా? నాచు కోసం నంద్యాలలో పెద్ద పెద్ద షాపులన్నీ తిరిగాను. ఒక షాపువాడు చేపల తొట్టిలో వేసే ప్లాస్టిక్ నాచు చూపించాడు. కోపం రావాల్సింది, ఏడుపు వచ్చింది. ఈ మనిషి నా కళ్ళ ముందే పాలిపోతోంది, మెట్లెక్కితే రొప్పుతోంది, నేనేమో పట్టికలు గీస్తున్నాను. భయం అనేది ఎట్లా ఉంటుందో ఆ రోజు నంద్యాల బజారులో తెలిసింది.

మూడో నెల మళ్ళీ పోయాం. డాక్టరు ఆపరేషను గదిలో ఉంది, రక్తం తీసే గదిలో కూర్చోమన్నారు. అక్కడి నర్సు యాభై దాటిన మనిషి. సూది పట్టుకునే ముందు నా భార్య కింది కనురెప్ప లాగి చూసింది, నాలుక చాపమని చూసింది, గోళ్ళు నొక్కి చూసింది. చూసి, చాలా మామూలుగా, "ఏమ్మా, బియ్యం బుక్కుతాండావా?" అని అడిగింది.

"లేదు లేదు" అన్నాను నేను. సంచిలోంచి నోటుబుక్కు తీశాను. "ఏం తింటాండాదో అంతా రాసిపెట్టినా మేడం. పూటపూటా ఉండాది ఇందులో."

"నేను అడిగింది నిన్ను కాదప్పా" అంది నర్సు. నా వైపు చూడను కూడా లేదు.

నా భార్య తల వంచుకుంది. "బుక్కుతా" అంది.

"ఎంత?"

"గ్లాసుడు. ఒగో పొద్దు ఇంగా ఎక్కువే."

"ఎన్నాళ్ళనించి?"

"చిన్నప్పుడు ఉండె. పెండ్లయినాక మానేసినా. ఈ రక్తం పోయేది మొదలైనాక మళ్ళా పట్టుకునింది. చాటలో పోస్తే ఆ వాసనకే చెయ్యి ఆగదు."

"ఏ బియ్యం?"

"స్టోరు బియ్యం."

నర్సు సూదీ దూదీ కింద పెట్టింది. "స్టోరు బియ్యంలో బలం గింజలు కలుపుతాండారు కదమ్మా, ఐరనూ అదీ చేర్చి. వండుకుని కడుపునిండా తింటే అంతో ఇంతో ఒంటికి పడతాది."

"ఆ ప్లాస్టిక్ గింజలా? అవి ఏరి కోళ్ళకు ఏస్తా."

"ప్లాస్టిక్కా? ఎవురు చెప్పినారు నీకు?"

నా భార్య తల ఎత్తి నన్ను చూసింది. నర్సు కూడా అప్పుడు నన్ను చూసింది, నా చేతిలో ఉన్న నోటుబుక్కునూ చూసింది. "మీ పక్కింటి కోళ్ళకు రక్తం బాగుంటాదిలే" అని సూది గుచ్చింది.

ఆ రోజు రక్తం ఆరూ ముప్పావు. డాక్టరు వచ్చి విని, తిట్టలేదు. రక్తం తగ్గినవాళ్ళకు ఇట్లా బియ్యం మీదికో మట్టి మీదికో మనసు పోతుందట. బియ్యంతో కడుపు నింపుకుంటే అన్నం, కూర సయించదట, దాంతో రక్తం ఇంకా తగ్గుతుందట. "అయితే బియ్యం వల్ల రక్తం తగ్గిందా, రక్తం తగ్గి బియ్యం తింటాందా?" అని అడిగాను. "ఏది ముందు ఏది వెనక అని ఇప్పుడు తేల్చుకుని ఏం చేస్తారు? రెండూ ఆపాలి" అంది. మాత్రలు సరిపోవడం లేదు, ఐరను సెలైనులో ఎక్కిస్తానంది. నాచులో ఇనుమా, పాత్రలో ఇనుమా అన్నప్పుడు మేడం చెప్పిన జవాబూ ఇదేనని బస్సెక్కాక గుర్తొచ్చింది.

బస్సు దారిలో శిరివెళ్ళ ఊరు దాటింది. నా మనసంతా కలగాపులగంగా ఉంది. మునగాకు, ఇనుప మూకుడు, టీ, కోళ్ళు. ఎదురుగా కూర్చుని ముద్ద ముద్దా లెక్కపెట్టిన నాకు, గడప దగ్గర చాటలోంచి నోట్లోకి పోయిన చెయ్యి ఎందుకు కనబడలేదు? ఏరుతోందనుకున్నాను. నేనే ఏరమన్నాను. ఆ చాట ముందు రోజూ కూర్చోబెట్టింది కూడా నేనే.

చివరికి, "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. కోపంగా అనలేదు. అనే ఓపిక లేదు.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "చెప్తే మళ్ళా వాన కత చెప్తావని" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక బస్సులో కూర్చోవడం కష్టమైంది. ఇరవై ఆరేళ్ళు. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని భోజనాల పంక్తులు. నేను చెప్పడం, వాళ్ళు నవ్వడం, ఆమె మొహం తిప్పుకోవడం. ఆమెకు నిజంగా ఉన్న ఒక అలవాటును, ఒక బాధను, నేను నలుగురిలో నవ్వులాట చేసి పెట్టాను. ఇక ఆ మాట ఆమె నోటినుంచి ఎట్లా బయటికి వస్తుంది? పాలిపోయి చచ్చిపోయినా రాదు. సిగ్గుతో నా తల దిగిపోయింది. ఏదో ఒకటి అనాలని, "ఇంక చెప్పనులే" అన్నాను. "చూద్దాం" అంది ఆమె.

సెలైన్లు ఎక్కించిన వారాల్లో నేను నోటుబుక్కు తీసేశాను. చాట నేను తీసుకున్నాను. షాపుకు పోయే ముందు నేనే బియ్యం చెరిగి, రాళ్ళు మాత్రం ఏరి, ఆ వేరే రంగు గింజల్ని గింజల్లోనే ఉంచి, కడిగి పెట్టిపోయేవాణ్ణి. షాపులో కూడా, ఎవరికి గ్లాసుతో చూపించానో వాళ్ళందరినీ పిలిచి చెప్పాను, అవి ప్లాస్టిక్ కాదని. ఒక్కరూ నమ్మలేదు. "నువ్వే కదన్నా నీళ్ళలో ఏసి చూపిస్తివి" అన్నారు. అబద్ధాన్ని నమ్మించినంత సులువుగా నిజాన్ని నమ్మించలేమని అప్పుడు తెలిసింది.

ఆమె చీర చెంగులో వేయించిన బుడ్డలు కట్టుకుని తిరిగేది. మా వైపు వేరుశనక్కాయల్ని బుడ్డలంటాం. బియ్యం మీదికి మనసు పోయినప్పుడల్లా నాలుగు బుడ్డలు నోట్లో వేసుకునేది. కొన్ని రోజులు ఆగేది, కొన్ని రోజులు ఆగలేకపోయేది. ఆగలేని రోజు సాయంత్రం నేను అడగకుండానే "ఈ పొద్దు పిడికెడు" అనేది. నేను "సరే" అనేవాణ్ణి. అంతకుమించి ఏమనాలో నాకు తెలియదు, అంతకుమించి ఏమీ అనకపోవడం నాకు చాలా కష్టంగా ఉండేది.

జపాను పుస్తకం పూర్తి చేసి ఇచ్చాను. చివర ఒక పేజీ నేను చేర్చాను. పైన ఒక్క వాక్యం: "వండింది కాదు, మీరు తిన్నది రాయండి." కింద ఖాళీ గళ్ళు. ఆఖరి గడి మీద "ఎవరికీ చెప్పకుండా తినేది" అని పెట్టాను. మేడం చూసి, ఇది అసలు పుస్తకంలో లేదు కదా అంది. లేదు అన్నాను. జపాను పల్లెల్లో ఆడవాళ్ళు ఎవరికీ చెప్పకుండా ఏమైనా తింటారేమో ఆ పుస్తకం రాసినవాళ్ళు అడిగారో లేదో నాకు తెలియదన్నాను. ఆమె ఆ పేజీ ఇంకోసారి చదివి, ఉంచండి అంది.

రక్తం ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదిన్నర అయింది. పది పాయింటు రెండు అయిన రోజు నర్సు కాగితం నా చేతికి ఇవ్వలేదు, నా భార్య చేతికి ఇచ్చింది. "ఏమ్మా, ఇప్పుడు ఏం తింటాండావు?" అని అడిగింది. జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. నోరు మూసుకున్నాను. ఆమె నిదానంగా ఒక్కొక్కటే చెప్పి, చివర్లో, "వారానికి ఒగసారి నాలుగు గింజలు" అంది. "ఆ నాలుగు కూడా పోతాయిలే" అంది నర్సు.

ఆపరేషను అయింది. గడ్డలు తీసేశారు. మూడో రోజు మా బావమరిది చూడటానికి వచ్చాడు, పెళ్ళిలో గుడ్డ ఎత్తిపట్టుకున్నవాడు. వార్డులో పక్క మంచాల దగ్గర ఆ రోగుల చుట్టాలు ఉన్నారు. చెల్లెలి మొహం వాడిపోయి ఉండటం చూసి, నా భుజం తట్టి, "బావా, ఆ వాన కత చెప్పు, ఈళ్ళందరూ ఇంటారు. చెల్లెలు నవ్వుతాది" అన్నాడు.

పక్క మంచం మీద ముసలామె కూడా నా వైపు తిరిగింది. కథ నోట్లోనే ఉంది, ఇరవై ఆరేళ్ళ అలవాటు.

"కతేం లేదు బావా" అన్నాను. "ఆ పొద్దు మబ్బు పట్టింది. వాన పడింది. అంతే."

ఆయన తెల్లబోయాడు. నా భార్య కళ్ళు మూసుకునే ఉంది. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా మాట్లాడింది.

"పొద్దున్నుంచీ పస్తు పెట్టినారు నన్ను ఆ పొద్దు. కండ్లు తిరుగుతాండె. తలంబ్రాల పళ్ళెంలోంచి నాలుగు గింజలు నోట్లో ఏసుకుంటి."

నేను ఆమె వైపు వంగాను. అందరిలో ఆ కథను నేను వందసార్లు చెప్పాను, ఈ ముక్క నాకు తెలియదు.

"ఎవరూ చూడలేదా?" అన్నాను.

"అందరూ పైకి చూస్తాండిరి. వాన అప్పటికే మొదలయ్యింది" అని, నీళ్ళ గ్లాసు అందివ్వమని చేయి చాపింది.